పండ్ల పెట్టె మీది బొమ్మ

అమెరికా పశ్చిమ తీరాన ఉన్న కాలిఫోర్నియా రాష్ట్రం నారింజ తోటలకు ప్రసిద్ధి. ఆ దేశపు తూర్పు పడమరలను కలిపే రైలుమార్గం 1869లో పూర్తయిన పిదప, అక్కడి పండ్లు వేల కిలోమీటర్ల దూరాన ఉన్న న్యూయార్కు వంటి నగరాలకు తరలిపోసాగాయి. పండ్లను చెక్కపెట్టెలలో సర్ది పంపేవారు. పెట్టెలన్నీ ఇంచుమించు ఒకే ఆకారం. వేలంశాలలో బారులు తీరిన పెట్టెల నడుమ తన సరుకు టోకు వర్తకుని కంటికి ఆనాలని ప్రతి రైతూ కోరుకుంటాడు కదా! ఆ అవసరమే పండ్ల పెట్టె లేబులుకు జన్మనిచ్చింది.

సుమారు 25 సెంటీమీటర్ల ఎత్తు, 28 సెంటీమీటర్ల వెడల్పు గల ఈ రంగుల కాగితాన్ని పెట్టె చివరి పలకకు జిగురుతో అంటించేవారు. తొలినాటి లేబుళ్లు శిలాముద్రణలో తయారైనవి. నున్నగా అరగదీసిన సున్నపురాతి పలక మీద చిత్రకారుడు జిడ్డు సిరాతో బొమ్మ గీస్తాడు. రాతిని తడిపినప్పుడు గీత లేనిచోట నీరు నిలుస్తుంది. జిడ్డుగీత నీటిని దరిచేరనీయదు. అచ్చుసిరా పూస్తే అది గీతలకే పట్టుకుంటుంది. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి కావాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా బొమ్మ చెడినట్లే. 1894లో బొంబాయిలో నెలకొన్న రవివర్మ ముద్రణాలయం నుండి మన ఇళ్ల గోడలకు చేరిన దేవతాచిత్రాలు కూడా ఈ పద్ధతిలో అచ్చయినవే.

1950 దశకంలో చెక్కపెట్టెల స్థానాన్ని అట్టపెట్టెలు ఆక్రమించాయి. లేబుళ్లతో పని తీరిపోయింది. వాడిన లేబుళ్లు చాలావరకు పెట్టెలతోపాటే నశించాయి. నేడు సేకరణలలో కనిపించేవి ఎక్కువగా ప్యాకింగు శాలలలో వాడకుండా మిగిలిపోయిన కట్టలలోనివి. 1957లో ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ సంస్థను స్థాపించిన ఎనిమిదిమందిలో ఒకరైన భౌతికశాస్త్రవేత్త జే లాస్ట్ ఈ లేబుళ్లను శ్రద్ధగా సేకరించాడు. ఆయన సేకరణ ఇప్పుడు కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ గ్రంథాలయంలో భద్రంగా ఉంది.

లేబులు మీద సంవత్సరం అచ్చువేయడం అరుదు. కాలనిర్ణయం చేయడం సేకరించేవారికి ఒక సరదా, ఒక పరీక్ష కూడా. 'సన్‌కిస్ట్' అనే పేరు 1908 ప్రాంతంలో వాడుకలోకి వచ్చింది. కాబట్టి ఆ ముద్ర ఉన్న లేబులు అంతకు ముందుది కాజాలదు. తొలి లేబుళ్లలో సన్నని వివరాలతో కూడిన ప్రకృతిదృశ్యాలు ఉండేవి. ప్రకటనల కళ పెరిగినకొద్దీ దూరానికి కూడా కనిపించే పెద్ద అక్షరాలు, ఒకే ఒక పెద్ద బొమ్మ వచ్చాయి.

మంచుకొండలు, పచ్చని తోటలు, నవ్వు ముఖాల యువతులు ఈ బొమ్మలలో తరచు కనిపిస్తారు. ఎండలో పండ్లు కోసినవారు మాత్రం అంతగా కనబడరు. ఆ తోటలలో చైనా, జపాను, మెక్సికో, ఫిలిప్పీన్స్ దేశాల కూలీలు శ్రమించారు. పంజాబు నుండి వలసవెళ్లినవారూ ఉన్నారు. 1936లో ఆరెంజ్ కౌంటీలో మెక్సికన్ కూలీలు రెండువేలమందికి పైగా మెరుగైన కూలి కోసం సమ్మె చేశారు. తోటల యజమానులు సాయుధులైన కాపలాదారులను నియమించారు. వందలమంది అరెస్టయ్యారు. ఆ సమ్మె జాడ పెట్టెల మీద దొరకదు. అందుచేతనే చరిత్రకారులు లేబులును ఒంటరిగా చదవరు. నాటి వార్తాపత్రికలను, కూలీల ఛాయాచిత్రాలను దాని పక్కన ఉంచుకొని చూస్తారు.