ముందు బ్రేకంటే భయమెందుకు?

మా కోవిల్‌పట్టి చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో పిల్లలకు సైకిలు నేర్పేటప్పుడు ముందుగా చెప్పే మాట ఒకటుంది: "ముందు బ్రేకు పట్టకురా, బోర్లా పడతావు." ఆ మాట నేను ఒప్పుకోను. సైకిలును ఆపే సత్తా ఎక్కువగా ఉన్నది ముందు బ్రేకుకే.

బ్రేకు పడగానే మన బరువు ముందుకు వాలుతుంది. ముందు చక్రం నేలను అదిమి పడుతుంది, వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రాన్ని ఎంత బిగించినా జర్రున జారుతుందే తప్ప బండి ఆగదు. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో, పొడి తారురోడ్డు మీద, వెనక బ్రేకు ఒక్కటే పడితే ఆగడానికి సుమారు 10 మీటర్లు కావాలి. ముందుది చక్కగా వాడితే 5 మీటర్లు చాలు.

మా అక్క కూతురికి బడి మైదానంలో సున్నంతో గీత గీసి ఇదే చూపించాను. గీత దగ్గర వెనక బ్రేకు పట్టి ఆగిన చోట ఒక రాయి, రెండూ కలిపి పట్టి ఆగిన చోట ఇంకో రాయి పెట్టాం. రాళ్ల మధ్య ఎడం చూశాక ఆ పిల్ల ఇంకేమీ అడగలేదు.

మరి బోర్లా పడేదెప్పుడు? లివరును ఒక్కసారిగా గుంజినప్పుడు, చేతులు వదులుగా ఉన్నప్పుడు. చేతులు బిగించి, నడుము సీటు వెనక్కి జరిపి, ముందు లివరును మెల్లగా మొదలుపెట్టి బిగిస్తూ పోవాలి. వెనక చక్రం జారుతోందనిపిస్తే ముందు పట్టు కాస్త సడలించాలి.

ఇసక మీద, తడిసిన నల్లరేగడి బురదలో మాత్రం ముందు చక్రం జారితే నిలదొక్కుకోలేం. అక్కడ వేగం ముందే తగ్గించి, వెనక బ్రేకును నమ్ముకోవాలి. మలుపుల్లోనూ అంతే, తిరగకముందే బ్రేకు వేసేయాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానల్లో ఇనుప రిమ్ములు తడిసి బ్రేకు వెంటనే పట్టదు. కాస్త ముందునుంచే రబ్బర్లను రిమ్ముకు తాకించి నీళ్లు తుడవాలి. ఆడి మాసపు పడమటి గాలి వీపున తోస్తుంటే ఎట్టయపురం వైపు వెళ్లేవారికి తొక్కకుండానే వేగం వస్తుంది. వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలు! విరుదునగర్ నుంచి సాత్తూరు మీదుగా మా ఊరికొచ్చే జాతీయ రహదారి మీద లారీల పక్కన తొక్కేవారు ఈ లెక్క మరవకూడదు.

తమిళనాడు ప్రభుత్వం సర్కారు, ఎయిడెడ్ బడుల్లో పదకొండో తరగతి పిల్లలకు ఉచితంగా సైకిళ్లిస్తోంది. అమ్మానాన్నలారా, అయ్యవార్లారా, సైకిలు ఇంటికొచ్చిన రోజే ఏ లివరు ఏ చక్రాన్ని పడుతుందో చూపించండి, ఖాళీ మైదానంలో రెండు బ్రేకులూ పట్టించి ఆపడం నేర్పండి. ఆ తర్వాతే రోడ్డెక్కనివ్వండి.