మీటల క్రింది దీపములు

అనంతపురము వంటి కరవు సీమలో బడి కంప్యూటరు గదిలోనికి దుమ్ము చేరక మానదు. వెలుగు మీటల మెకానికల్ కీబోర్డు మసకబారినచో, ముందుగా మీటల టోపీలు తీసి మెత్తని కుంచెతో తుడిచి చూడవలెను. సగము జబ్బు అక్కడనే కుదురవచ్చును!

అప్పటికిని వెలుగు చాలనిచో, ప్రతి మీటకును గల ఎల్.ఇ.డి. దీపముతో వరుసగా నున్న నిరోధకమును తగ్గించి, విద్యుత్ప్రవాహమును పెంచవచ్చునని తోచును. లెక్క వేసి చూడుడు. 104 దీపములు ఒకేసారి వెలుగుచున్నవనుకొనుడు. సరఫరా 5 వోల్టులు. తెల్లదీపము సుమారు 3 వోల్టులు తీసికొనును. మిగిలిన 2 వోల్టులు 1000 ఓముల నిరోధకముపై పడును; ప్రవాహము 2 మిల్లీ ఆంపియర్లు. మొత్తము 208. నిరోధకమును 500 ఓములు చేసినచో 416 అగును. యు.ఎస్.బి. 2.0 ద్వారము ఇచ్చునది 500 మాత్రమే. కీబోర్డు పని కూడ అందులోనే జరుగవలెను. ఇంతచేసి, కాంతి రెట్టింపైనను కంటికి రెట్టింపుగా తోచదు.

మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుచోట మరియొక చిక్కు కలదు. వేడెక్కినకొలది ఎల్.ఇ.డి. కాంతియు, ఆయువును తగ్గును. ప్రవాహమును పెంచుట ఆ వేడికి వేడిని చేర్చుటయే.

మేలైన మార్గము, అదే ప్రవాహమునకు హెచ్చు కాంతినిచ్చు దీపమును తెచ్చుట. నీలి ఎల్.ఇ.డి.ని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి వచ్చినది. నేటి తెల్లదీపములు చాలవరకు ఆ నీలికాంతినుండి పుట్టినవే.

మార్చునపుడు తీగను కంప్యూటరునుండి ఊడదీయవలెను. క్రొత్త దీపపు పొడవు కాలు ధనధ్రువము, తారుమారైనచో వెలుగదు. సోల్డరింగు ఇనుమును రెండు మూడు క్షణములకు మించి ఒకేచోట ఆనింపరాదు. పలకపై రాగిరేకు లేచిపోవును.