అడవి మాయమైన కథ విన్నాక

చెట్లన్నీ పోయి మొదళ్లు మిగిలిన నేల, పొగ కమ్మిన ఆకాశం, పాడుబడ్డ ఇంట్లో తలుపులు బిడాయించుకున్న ఒంటరి మనిషి. డాక్టర్ స్యూస్ 1971లో రాసి, బొమ్మలు వేసిన ‘ది లోరాక్స్’ అలాంటి పుస్తకం. వాతావరణ మార్పు అన్న మాట అందులో లేదు. అయినా ఆ సంగతి చిన్నపిల్లలకు చెప్పబోయే టీచర్లు తరచూ అందుకునే పుస్తకాల్లో అదొకటి.

చిక్కు పుస్తకం మూశాక మొదలవుతుంది. “చూశావా, అందుకే చెట్లు కొట్టకూడదు” అని పెద్దవాళ్లు వెంటనే నీతి చెప్పేస్తారు. పిల్ల తలూపుతుంది. కథ అక్కడితో సరి.

అదే కథను ఇంకోలా పట్టుకోవచ్చు. అడవిని నరికించిన ఆ ఒంటరి మనిషి వన్స్‌లర్ ముఖం పుస్తకమంతా వెతికినా కనిపించదు, ఆకుపచ్చ చేతులు తప్ప. ఆ ముఖం గీయమని కాగితం, రంగు పెన్సిళ్లు ఇస్తే చాలు. ఒకరు కోరలున్న రాక్షసుణ్ని గీస్తే, పక్కవాళ్లు ఏడుస్తున్న తాతను గీయొచ్చు. ఇక “వాడు చెడ్డవాడా?” అన్న వాదన దానంతటదే లేస్తుంది. వన్స్‌లర్ చెట్ల కుచ్చులతో అల్లి అమ్మిన ‘థ్నీడ్’ అనే వస్తువులను ఎగబడి కొన్నవాళ్ల మాటేమిటన్న ప్రశ్న కూడా అప్పుడే రావచ్చు. ఆ కాసేపూ పెద్దవాళ్లు అడ్డు తగలకుండా వినాలి. కష్టమైన పనే, కానీ కావలసింది అదే.

మరి భయం? అమెరికా విద్యావేత్త డేవిడ్ సోబెల్ 1996లో ‘బియాండ్ ఎకోఫోబియా’ పుస్తకంలో, నాలుగో తరగతికి ముందు పిల్లలకు ప్రకృతి విషాదాలు వద్దన్నారు. చేతకాని వయసులో భూమి బాధంతా నెత్తిన పెడితే వాళ్లు ప్రకృతికి దూరమవుతారని ఆయన వాదన. బరువు మోపకూడదన్నది నిజమే. కానీ విపత్తు వయసు చూసి రాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అలాంటి రాత్రి గడిపిన పిల్లలు తమ భయం గురించి నోరు విప్పలేకపోవచ్చు. కథలో గూడు పోయిన పక్షికి ఏమనిపించి ఉంటుందో మాత్రం చెప్పగలరు. వాళ్లకు కథ ఇచ్చే ఆసరా అదే.

పాడైంది మళ్లీ బాగవుతుందా అని పిల్లలు అడిగితే, ఊరట కోసం అబద్ధం ఆడక్కర్లేదు. ‘లోరాక్స్’ తొలి ముద్రణల్లో ఉత్తర అమెరికాలోని ఈరీ సరస్సు దుస్థితిని చెప్పే పాదం ఒకటి ఉండేది. సరస్సు చాలావరకు శుభ్రపడిందని 1980ల్లో ఒహాయో పరిశోధకులు ఉత్తరం రాస్తే, స్యూస్ ఆ పాదం తీయించేశారు. అదే సరస్సులో విషపు నాచు పెరగడంతో 2014 ఆగస్టులో టొలీడో నగరవాసులను కుళాయి నీళ్లు తాగవద్దన్నారు. ఈ రెండో సంగతీ పిల్లలకు చెప్పాల్సిందే.