విసునూరు గడి – నాబోతు ద్రాక్షతోట

ఈ వారం మన ధ్యానభాగము మొదటి రాజుల గ్రంథము 21వ అధ్యాయము. యెజ్రెయేలు ఎక్కడో దూరదేశమని అనుకోకండి. అలాంటి ఊరు మన జనగామ ప్రాంతంలోనే ఉంది.

విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి పేరు మన పెద్దలకు తెలుసు. నిజాం కాలంలో జనగామ తాలూకా నల్గొండ జిల్లాలో ఉండేది. ఆయన కింద 40,000 ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య తన గ్రంథంలో వ్రాశారు. దేశ్‌ముఖ్ అంటే మొదట శిస్తు వసూలు చేసేవాడు మాత్రమే. భూమి కొలిచి పట్టాలు వ్రాసిన కాలంలో చదువురాని రైతుల సాగుభూములు అనేకం దొరల పేర్లకెక్కాయి. ఇక వెట్టి సంగతి: చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, మాదిగ చెప్పులు కుట్టాలి. కూలి అడగకూడదు. మన సంఘాలలో అనేకుల తాతలు ఆ వెట్టి చేసినవారే గనుక, ఇది మనకు పరాయి చరిత్ర కాదు.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు భూమిపై ఈ దొర కన్ను పడింది. అహాబు కనీసం వెల ఇస్తానన్నాడు! తర్వాత యెజెబెలు రాజముద్ర వేసిన తాకీదులు, ఉపవాసదినము, అబద్ధసాక్షులు, న్యాయసభ అన్నీ సిద్ధం చేసింది. అన్యాయం ఎప్పుడూ కాగితం వెంటబెట్టుకొనే వస్తుంది. ఐలమ్మ కుటుంబంపైనా కేసులు పెట్టించారు. పంట కోసుకుపోవడానికి దొర మనుషులను పంపాడు. సంఘం కార్యకర్తలు వారిని తరిమి, ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. నాబోతు పక్షాన మాత్రం యెజ్రెయేలు పెద్దలు ఒక్కరూ నోరు తెరవలేదు. నాకు ఆ అధ్యాయంలో అన్నిటికన్నా భయంకరమైనది ఆ మౌనమే.

1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుపై దొర మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ రక్తంతో తెలంగాణ సాయుధపోరాటం రగిలింది. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. ఐలమ్మ 1985 సెప్టెంబరు 10 వరకు జీవించింది.

ఈ రాత్రి కుటుంబమంతా కూడి ఆ అధ్యాయము చదవండి. ఇంట్లో ముసలివారుంటే, వెట్టి గురించి వారి తల్లిదండ్రులు ఏమి చెప్పారో అడిగి, పిల్లలను దగ్గర కూర్చోబెట్టి వినిపించండి.