మీకు తెలుసా? చేనుకు చేటు, మిద్దెకు మేలు

నందికొట్కూరు చుట్టుపక్కల పల్లెల్లో పాత మట్టి మిద్దెల మీద వానలకు ముందు చౌడు మట్టి పరిచేవాళ్లు. పైరు మొలవని ఆ మట్టి ఇంటికి మాత్రం భేషుగ్గా పనికొస్తుంది. చౌడులోని సోడియం వల్ల తడి తగలగానే బంకమట్టి రేణువులు విడిపోయి, సందులన్నీ మూసేస్తాయి. నీళ్లు కిందికి దిగవు. చేనులో నీరు ఇంకకపోవడానికీ, ఇల్లు కురవకపోవడానికీ కారణం ఒకటే!

మందపాటి మట్టికప్పులోంచి ఎండ వేడి లోపలికి దిగడానికి చాలాసేపు పడుతుంది. కప్పులో వదిలిన కంత, అంటే గవాచి, వెలుతురునిచ్చేది, పొయ్యి పొగనూ వేడిగాలినీ బయటికి పంపేది. ఇప్పటి సిమెంటు స్లాబు అలా కాదు, పగలంతా కాగి రాత్రి ఆ వేడిని మన మీదికే వదులుతుంది. దానికి చవకైన మందు తెల్లసున్నం పూత. ఎండను వెనక్కి కొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ఏకంగా ఒక విధానమే తెచ్చింది.

కప్పు తర్వాత ఫ్యాను సంగతి. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తాగితే, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 చాలు. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 16 యూనిట్లు మిగులు. ఏసీ మాట తర్వాత, ముందు ఇది చూడండి.

ఇక ఆ కరెంటును ఎండ నుంచే తీయొచ్చు. మన గని, శకునాల ఊళ్ల దగ్గర 1000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉంది. అదే ఎండను సొంత మిద్దె మీద పట్టుకునేవారికి 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ప్రకటించింది. సౌర పలకల మీద దుమ్ము మాత్రం అప్పుడప్పుడూ కడగాల్సిందే.