నిజజీవితములను జూపిన నిర్మాత

టెలివిజను లేని గృహము నేడు మన పట్టణములలోనే గాక పల్లెలలో సైతము అరుదు. అందు ప్రదర్శింపబడు వానిలో వార్తలు, కల్పితకథలు అను రెండు విధములను మన మందరము నెరుగుదుము. ఈ రెంటికిని నడుమ మూడవ విధ మొకటి కలదు. నటులు గానివారు, ముందుగా వ్రాసియుంచిన సంభాషణములు లేకయే, తమ దినచర్యను కెమెరా యెదుట గడపుట దీని లక్షణము. దీనినే రియాలిటీ షో అందురు. 2017వ సంవత్సరమున తెలుగున నారంభమైన 'బిగ్ బాస్' ఈ జాతిలోనిదే యగుటచే మన విద్యార్థులకు దీని పేరు క్రొత్త గాదు. అయితే ఈ ప్రక్రియ యెట్లు పుట్టెను, దీనివలన గలిగిన మేలుకీడు లెవ్వి యను విషయములు పలువురికి దెలియవు. జోనథన్ మర్రే యను అమెరికా నిర్మాత కృషి నాధారముగా గొని వానిని ఇచట వివరింప బూనితిమి.

మర్రే గారు 1955లో మిసిసిపీ రాష్ట్రమున జన్మించిరి. మిస్సోరి విశ్వవిద్యాలయమున పత్రికారచన నభ్యసించి, పిమ్మట స్థానిక టెలివిజను కేంద్రముల వార్తాశాఖలలో పనిచేసిరి. వీరితో భాగస్వామ్యము వహించిన మేరీ ఎలిస్ బ్యునిం గారు 1946లో జన్మించినవారు. ప్రతిదినము ప్రసారమగు ధారావాహిక నాటకములను నిర్మించుటలో పేరు గడించినవారు. 1987లో వీరిరువురును గలసి తమ యిద్దరి పేర నొక నిర్మాణసంస్థను స్థాపించిరి. వార్తలు సేకరించువారికి జరిగినదానిని ఉన్నదున్నట్లు పట్టుకొను చూపు ముఖ్యము. ధారావాహికలు నిర్మించువారికి, రేపేమి జరుగునో యను కుతూహలమును చూపరులలో నిలుపు నేర్పు ముఖ్యము. ఈ రెండు విద్యలును ఒకచోట గలియుటయే క్రొత్త ప్రక్రియకు బీజమయ్యెను.

యువజనుల కుచితమైన ధారావాహిక యొకటి కావలెనని ఎం.టి.వి. యను సంగీత ప్రసారసంస్థ వీరి నడిగెను. కథ వ్రాయువారికిని నటించువారికిని ఈయవలసిన ధనమును లెక్కింపగా వ్యయము మిక్కుటముగా దోచెను. అంతట వీరు, రచయితలును నటులును లేకుండగనే కథ నేల నడపరాదని యాలోచించిరి. 1973లో కాలిఫోర్నియాలోని లౌడ్ అను కుటుంబము యొక్క నిజజీవితము 'యాన్ అమెరికన్ ఫ్యామిలీ' యను పేర 12 భాగములుగా అమెరికాలో ప్రసారమై యుండెను. అది వీరికి మార్గదర్శక మయ్యెను. అయితే వీ రొక కుటుంబమును గాక, ఒకరి నొక రెరుగని యేడుగురు యువతీయువకులను న్యూయార్కు నగరమున నొక యింట జేర్చిరి. 'ది రియల్ వరల్డ్' అను నీ ప్రదర్శనము 1992 మే 21వ తేదీన ప్రారంభమై, 2019 వరకు 33 శ్రేణులుగా సాగెను. ఇందలి తొలి శ్రేణులలో బహుమానము లేదు, ఓటమి గెలుపులు లేవు. ఆ యింటివారు బయటకు బోయి తమ పనులు తాము చేసికొనుచుండిరి. తలుపులు మూసి పోటీ పెట్టు నేటి ప్రదర్శనములకును దీనికిని గల భేద మిదియే.

ఆ యేడుగురిని ఎన్నుకొనుటలోనే నిర్మాతల యుద్దేశము తెలియుచున్నది. జూలీ యను యువతి అమెరికా దక్షిణభాగమందలి అలబామా రాష్ట్రమునుండి వచ్చినది, నృత్యము నేర్చుచుండెను. కెవిన్ పవెల్ నల్లజాతికి జెందిన రచయిత. వీరు ఒకే కప్పుక్రింద నివసింపగా, వర్ణభేదమును గూర్చిన తీవ్రవాదములు చెలరేగెను. అంతకుముందు ఉపన్యాసములలోను గ్రంథములలోను మాత్రమే వినబడిన సమస్య, వంటయింటి ముచ్చటల నడుమ ప్రత్యక్షమయ్యెను. 2021లో అదే యింట ఆ పాతమిత్రులనే మరల సమావేశపరచినప్పుడు, వర్ణభేదమును గూర్చిన వివాదమే మరల పుట్టి, అందొకరు నడుమనే వెడలిపోయిరి. ఇరువదితొమ్మిది సంవత్సరములు గడచినను ఆ సమస్య తీరలేదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

ఈ ప్రదర్శనముల వలన గలిగిన మేలున కుత్తమమైన నిదర్శనము పెద్రో జమోరా వృత్తాంతము. ఇతడు 1972లో క్యూబా ద్వీపమున జన్మించి, 1980లో వేలకొలది శరణార్థులతో బాటు పడవపై అమెరికా చేరెను. పదునేడేండ్ల ప్రాయమున తన రక్తమున హెచ్.ఐ.వి. యున్నదని యతనికి దెలిసెను. అతడు క్రుంగిపోక, పాఠశాలలకు బోయి తనవంటి బాలురకు ఆ వ్యాధినిగూర్చి బోధింపసాగెను. 1993లో అమెరికా శాసనసభాసంఘము నెదుటను సాక్ష్య మిచ్చెను. 1994లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన మూడవ శ్రేణిలో మర్రే, బ్యునిం గార లతని జేర్చుకొనిరి. ఆ వ్యాధి పేరు విన్న మాత్రమున జనులు దూరముగా దొలగుచుండిన దినము లవి. తాకుటవలనను, ఒక పాత్రలో భుజించుటవలనను అది యంటుకొనదని వైద్యులు చెప్పినను నమ్మినవారు కొందరే. పెద్రో తోడివారితో గలసి భుజించుటయు, నవ్వుటయు, అలసి పడుకొనుటయు చూచిన పిమ్మట పెక్కుమంది నమ్మిరి. అతడు మరియొక పురుషుని ప్రేమించి, ఆ ప్రదర్శనమందే అతనితో జీవితబంధమును బ్రకటించుటయు నాడు అపూర్వమైన విషయము. ఆ శ్రేణి తుదిభాగము ప్రసారమైన మరునాడు, 1994 నవంబరు 11వ తేదీన, 22 యేండ్ల వయసున పెద్రో మరణించెను. ఆయుర్దాయమును పెంచు సంయుక్తౌషధ చికిత్స 1996లో గాని వ్యాప్తిలోనికి రాలేదు. ఆతని చరిత్రమును 2008లో మర్రే గారి సంస్థయే చలనచిత్రముగా నిర్మించెను.

2004లో బ్యునిం గారు రొమ్ముక్యాన్సరుచే మరణించిరి. మర్రే గారు పని మానలేదు. ఆటిజముగల బాలబాలికలు సంగీతనాటకము నొకదానిని సిద్ధపరచి ప్రదర్శించుటను జూపు 'ఆటిజం: ది మ్యూజికల్' అను డాక్యుమెంటరీ 2007లో వీరి సంస్థనుండి వెలువడెను. 2015 డిసెంబరులో ప్రారంభమైన 'బార్న్ దిస్ వే' యను ప్రదర్శనమున డౌన్ సిండ్రోముగల యేడుగురు యువతీయువకులు కనబడిరి. మన దేహకణములందలి 21వ క్రోమోజోము రెండు ప్రతులకు బదులు మూడుండుటచే గలుగు స్థితి యిది. వారు ఉద్యోగములు వెదకుట, స్నేహములు చేయుట, స్వతంత్రముగా కాపురముండ గోరుట, వారి తలిదండ్రులు ఆశకును భయమునకును నడుమ నూగులాడుట అందు గానవచ్చును. 2016లో ఈ ప్రదర్శనమునకు ఎమ్మీ బహుమానము లభించెను, 2019లో ముగిసెను. జాలిపడి చూచుటకు అలవాటుపడిన చూపరులు, వారితో గలసి నవ్వుట నేర్చిరి.

ఇక కీడును జెప్పకున్న మా వివరణ మసమగ్రమగును. నిజజీవిత మనబడు నీ ప్రదర్శనములు పూర్ణసత్యములు కావు. అనేక గంటలపాటు కెమెరాలు పట్టిన దృశ్యములనుండి అర్ధగంట సేపటికి సరిపడునంత మాత్రమే యేరి కూర్తురు. మన యీ పత్రికకు వచ్చిన వ్యాసములలో కొన్నింటినే యచ్చువేయుదుము గదా. ఏవి వేసితిమో దానినిబట్టియే పాఠకుడు మన పాఠశాలను గూర్చి తలంచును. అట్లే, ఒకడు దినమంతయు శాంతుడైయుండి ఒక్క నిమిషము కోపించినచో, ఆ నిమిషమునే చూపినయెడల లోకమతనిని కోపిష్ఠి యనును. అతడు ముందే ఒడంబడికపై సంతకము చేసియుండుటచే దానిని మార్చు నధికార మతనికి లేదు. మరియు భిన్నులను ఒకచోట జేర్చుట సానుభూతికొరకా, కలహమును రేపి చూపరుల నాకర్షించుటకొరకా యను ప్రశ్నయు గలదు. రెండును గలవనుటయే న్యాయము. ఈ సంస్థయే 2003లో ధనికకుమార్తెల విలాసములను జూపు 'ది సింపుల్ లైఫ్' నిర్మించెను. 2007లో ప్రారంభమై 2021 వరకు నడచిన కర్దాషియన్ కుటుంబ ప్రదర్శనమును నిర్మించినదియు ఇదియే.

2012లో అమెరికా టెలివిజన్ అకాడెమీ వారు మర్రే, బ్యునిం గారలను తమ కీర్తిమందిరమున జేర్చి గౌరవించిరి. ఆ గౌరవమునకు వారు తగుదురని మేము తలంచుచున్నాము. కెమెరాకు గుణదోషములు లేవు; దానిని ఎవరివైపు త్రిప్పుదుమో, ఎంతసేపు ఓపికతో నిలుపుదుమో దానియందే గుణదోషము లున్నవి. పెద్రో నేడు జీవించి యుండడు గాని, అతనిని చూచి భయము విడిచినవారు అనేకులు.

విద్యార్థులారా, ఇట్టి ప్రదర్శనమును చూచునపుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఇందు కనబడు మనుష్యుని నిర్మాతలు ఏల యెన్నుకొనిరి? చూపక విడిచినదేమి? చూచిన పిదప ఆతనిపై మనకు కలిగినది తెలివియా, వెక్కిరింపా? తలిదండ్రులును పిల్లలతో గూర్చుండి యీ ప్రశ్నలను చర్చించినచో, వినోదమునకై గడపిన గంటయు విద్యయే యగును. మన తరగతిలోనే మాట తడబడు బాలుడును, నడువలేని బాలికయు, వేరొక యూరి యాసతో మాటలాడువాడును ఉన్నారు. వారి కథ వినుటకు కెమెరా యక్కరలేదు. ప్రక్కన కూర్చుండిన చాలును.