అంకెల రేజరు

ఆడువారికి క్షౌరపు ముచ్చట యేల యని సోదరీమణులు నవ్వవచ్చును. మా మామగారికి పక్షవాతము సోకి కుడిచేయి స్వాధీనము తప్పినది మొదలు ఆయనకు గడ్డము గీయుట మా వంతయ్యెను.

మా యింటనున్నది అంకెల సేఫ్టీ రేజరు. పిడి అడుగున నున్న మరను త్రిప్పినచో బ్లేడు అంచునకును, దాని క్రింది కాపుపట్టీకిని నడుమనుండు సందు పెరుగును, తరుగును. అమెరికా దేశపు కింగ్ జిలెట్టు పలుచని బ్లేడుతో గీయు రేజరునకు 1904లో పేటెంటు పొందెను. ఆయన స్థాపించిన కంపెనీయే 1950 దశకపు చివర 1 మొదలు 9 వరకు అంకెలు గల రేజరును విక్రయించినది. మా దానియందు అయిదే.

అంకె చిన్నదైన బాధయు చిన్నదగునని తలచి మేము ఒకటిపై నుంచితిమి. వారము దినముల గడ్డము; ఆ సన్నని సందున నురుగును వెండ్రుకలును క్రిక్కిరిసిపోయెను. గీసినచోటనే నాలుగుమారులు గీసితిమి, తెగలేదని అదిమితిమి. గాటు ఒక్కటియు పడలేదు గాని, సాయంకాలమునకు మెడయంతయు కందిపోయెను. మరుసటి వారము మేము చెంబుతో రాగానే ఆయన తడబడు మాటలతో, "అమ్మాయీ, గడ్డ ముండనిమ్ము" అనిరి. ఆ మాట మాకు గ్రుచ్చుకొనెను.

ఆ రాత్రి మావారు తమ చెంపపైననే గీసి చూపిరి. అంకె మూడు, చేతి బలమేమియు లేదు, రేజరు బరువే చాలును. బ్లేడు చర్మమునకు సుమారు 30 డిగ్రీల వాలున నుండవలెను. చర్మమును నొప్పించునది సందు మాత్రమే కాదు, మరల మరల గీయుటయు, అదుముటయు ననిరి. అట్లని అయిదునకు పోయి అదిమితిమా, రక్తమే. ఒక కంపెనీవారి మూడు మరియొకరి మూడు గాదనియు తెలిసికొంటిమి.

ఇపుడు ముందుగా వేన్నీళ్లగుడ్డ రెండు మూడు నిమిషము లుంచెదము. తడిసిన వెండ్రుక మెత్తబడును. వ్రేలితో తడవి, వెండ్రుక వాలిన దిక్కుననే గీసెదము. చెంపలకు మూడు, వదులైన మెడకు చర్మము లాగిపట్టి రెండు. రెండు గీతలకు పోనిది పోకున్నను సరే. తెగకున్నచో అంకె పెంచుటకు ముందు బ్లేడు మొద్దుబారినదేమో చూడవలెను. రక్తము పలుచబరచు మందులు పుచ్చుకొను పెద్దలకు మాత్రము విద్యుత్తుతో నడచు రేజరే మేలు.

పైపెదవికడ నేటికిని మా చేయి వణకును. ఆయన మాత్రము చెంబు చప్పుడు వినగానే యెడమచేతితో కండువా తామే తొలగించుకొని మెడ చాపుచున్నారు.